పెన్ను కక్కిందన్నాను

మా రేపల్లెలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. చిన్నా పెద్దా అందరికీ నేను రైటరు గారినే. కథలూ కవిత్వమూ రాసే రైటరు అనుకునేరు, అంత సీను లేదు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా పాత పెంకుటింటి పంచలో చాప వేసుకుని, ముందు వాలుబల్ల పెట్టుకుని, పొలాలూ ఇళ్ళూ చేతులు మారేటప్పుడు స్టాంపు కాయితాల మీద దస్తావేజులు రాసిన రైటర్ని. చదువు అంతంత మాత్రం, ఆస్తి అంతకన్నా తక్కువ. నాకంటూ చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే, నా దస్తూరి.

దస్తావేజులో అక్షరం తప్పు పడితే గుట్టుచప్పుడు కాకుండా దిద్దడానికి వీల్లేదు. కొట్టేసిన మాట కొట్టేసినట్టే ఉండాలి. ఫలానా వరసలో ఫలానా మాట కొట్టివేయడమైనదని చివర్లో ఒప్పుకుంటూ రాయాలి. నా పక్కన కూర్చునే రైటర్లకు ఆ వాక్యం రాయని రోజు ఉండేది కాదు. నేను మాత్రం "ఇందు కొట్టివేతలు లేవు" అని రాసి, పెన్ను మూత బిగించి, ఎదుటివాళ్ళ మొహం వంక చూసేవాణ్ణి. "అబ్బ! ముత్యాలండి రైటరు గారూ" అనాలి వాళ్ళు. అనకపోతే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. మా ఆవిడ కంచం ముందు నా వాలకం చూసి, "ఏంటి, ఇవాళ ఎవరూ మెచ్చుకోలేదా?" అని దెప్పేది.

కంప్యూటర్లు వచ్చాక మా పంచలో చాపలు ఒక్కొక్కటే లేచిపోయాయి. నేను చివరిదాకా పట్టుకు వేలాడి, ఇక అడిగేవాడు లేడని తెలిశాక ఇంట్లో కూర్చున్నాను. అయినా నా చేతికి పని పూర్తిగా పోలేదు. మా వైపు కొన్ని ఇళ్ళల్లో పెళ్ళి ఖాయమైతే, పురోహితుడు చెబుతూ ఉంటే దస్తూరి బాగున్నవాళ్ళ చేత లగ్నపత్రిక రాయిస్తారు. అచ్చు కార్డులు ఎంత ఖరీదైనవి వేయించినా ఆ కాయితం మాత్రం చేత్తోనే రాయాలి, అందులో కొట్టివేత పడకూడదు. ముహూర్తాల రోజులొస్తే నాకు పిలుపులే పిలుపులు. కారు పంపేవాళ్ళు, కొత్త తువ్వాలు కప్పేవాళ్ళు. చుట్టూ చేరి, టీవీ చూసినట్టు నా చేతి వంకే చూసేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, దస్తావేజులు రాసిన రోజుల్లో కంటే ఈ లగ్నపత్రికలతోనే నాకు తల పొగరు ఎక్కువైంది.

ఆ పాత పంచను షాపులు కట్టడానికి మిషను పెట్టి కూలగొడుతున్నారంటే చూడ్డానికి వెళ్ళాను. పెంకులు పోయాయి, గోడ పోయింది. నేను ఏళ్ళ తరబడి కూర్చున్న చోట, సరిగ్గా నా నెత్తి మీద ఉండే తాటి దూలం దుమ్ములో పడి ఉంది. ఒక చివర విరిగి, లోపలి చేవ బయటపడింది. నల్లగా, మధ్యమధ్య తేనెరంగు చారలతో నిగనిగలాడుతోంది. అన్నాళ్ళు దాని కిందే కూర్చుని ఒక్కనాడూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. మేస్త్రీని బతిమాలి మూరెడు ముక్క కోయించుకుని ఇంటికి తెచ్చాను. "పొయ్యిలోకా?" అంది మా ఆవిడ. "పెన్నులోకి" అన్నాను. ఆ మాట అనేదాకా నాకూ తెలియదు నా మనసులో ఏముందో.

తెనాలిలో ఒక సాయిబు చేత్తో పెన్నులు చేస్తాడని విన్నాను. ప్యాసింజరు బండెక్కి వెళ్ళి వెతుక్కున్నాను. బజారు వెనక సందులో ఇల్లు. ముందు గదిలో కర్రను తిప్పి చెక్కే లేతు మిషను, వెనక ఒక తెర, తెర వెనక సంసారం. మనిషి ఇంచుమించు నా ఈడువాడే. కొబ్బరి చేవతో, చింత చేవతో, గేదె కొమ్ముతో చేసిన పెన్నులు అద్దాల పెట్టెలో వరసగా పెట్టుకుని, పిల్లల్ని చూపించినట్టు చూపించాడు. నోరు మాత్రం పెద్దది. తన పెన్ను గురించి తను చెప్పుకోవడం మొదలుపెడితే ఇక ఆపడం మన తరం కాదు.

"నా పెన్ను పట్టుకున్న చెయ్యి ఇంకో పెన్ను పట్టుకోదండి. ఇంకు కక్కిందని ఇన్నేళ్ళలో ఒక్కడు వచ్చి చెప్పలేదు. అట్టా ఎవడన్నా చెబితే ఈ లేతు తీసుకెళ్ళి కాలవలో పారేస్తా" అన్నాడు.

నేను సంచిలోంచి దూలం ముక్క తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూసి, "ఏంటండీ ఇది, తాటి దూలమా? రైటరు గారూ, దీంతో ఇల్లు కడతారు గాని పెన్ను చెయ్యరు. పీచు లేస్తది, వేలికి గుచ్చుకుంటది" అన్నాడు.

"అయితే మీ వల్ల కాదంటారు" అన్నాను.

"కాదని ఎవరన్నారండీ!" అని లేచాడు. ఎదుటివాడి మెప్పు కోసం ప్రాణం పెట్టే మనుషులం ఇద్దరమూనూ. అందుకే అంత తొందరగా కలిసిపోయాం.

ఆ పెన్ను అవడానికి చాలా రోజులు పట్టింది. చీలిపోయిన ముక్కలు చూపించి నన్ను తిట్టేవాడు, తాటిచెట్టును తిట్టేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. నేనూ ఏదో ఒక వంక పెట్టుకుని బండెక్కేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ తెర పక్కనుంచి వాళ్ళావిడ చెయ్యి చాపి రెండు గ్లాసుల టీ ఇచ్చేది. ఆయన లేతు ఆపి, చేతులు దులుపుకుని, టీ తాగుతూ గొప్పలు చెప్పేవాడు. నేనూ నా కొట్టివేతలు లేని దస్తావేజుల సంగతి చెప్పేవాణ్ణి. ఆయన నిజంగానే నోరు తెరుచుకుని వినేవాడు. "ఒక్క తప్పు కూడా పడలేదా అండీ?" అని మళ్ళీ మళ్ళీ అడిగేవాడు. ఒక్కటీ లేదని నేనూ మళ్ళీ మళ్ళీ చెప్పేవాణ్ణి.

చివరికి పెన్ను నా చేతిలో పెట్టాడు. లోపలి కర్రకు ఇంకు తగలకుండా నల్ల రబ్బరు గొట్టం వేశాడు. ఫిల్లరుతో ఇంకు పోసుకోవాలి. నున్నగా, బరువుగా, వేళ్ళ మధ్య వెచ్చగా ఉంది. మొదటి అక్షరం రాశాను. పాళీ కాయితం మీద నడుస్తున్నట్టే లేదు, నేను తలుచుకుంటే అక్షరం పడుతున్నట్టుంది. "ఎట్టుందండీ?" అన్నాడు ఆయన. నేను ఆయన చేతులు రెండూ పట్టుకున్నాను. ఆ క్షణంలో మా ఇద్దరి మొహాలు చూస్తే ఎవరైనా నవ్వేవాళ్ళు.

ఇక చూసుకోండి నా వైభవం! బ్యాంకులో, పాలకేంద్రం దగ్గర, పెళ్ళిళ్ళలో ఎవరు సంతకం పెట్టబోయినా చటుక్కున జేబులోంచి తీసేవాణ్ణి. "తాటి దూలం అండి, నేను కూర్చున్న పంచది" అని కథ మొదలుపెట్టేవాణ్ణి. వాళ్ళు సంతకం పెట్టబోతే మాత్రం ఇచ్చేవాణ్ణి కాదు, పాళీ నా చేతికి అలవాటు పడిందని చెప్పి బాల్ పెన్ను ఇచ్చేవాణ్ణి. అందరికీ చూపించడమే గాని ఎవరికీ ముట్టనివ్వని మనిషిని ఏమంటారో మీకు తెలుసు.

చెయ్యి వణకడం ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. మొదట టీ గ్లాసు దగ్గర తెలిసింది. ఎత్తితే అంచు మీద టీ ఊగేది. నరాల బలహీనత అనుకున్నాను, నిద్ర చాలలేదనుకున్నాను. తర్వాత చొక్కా గుండీ దగ్గర తెలిసింది. మా ఆవిడ చూసి, "ఏంటండీ ఆ చెయ్యి?" అంటే గయ్యిమన్నాను. "నా చేతికేం, ఉక్కులా ఉంది. నీ కళ్ళజోడు మార్పించుకో!" అన్నాను. ఆ తర్వాత ఆవిడ అడగలేదు. పెరుగు గిన్నె మాత్రం నా వైపు జరపకుండా తనే వడ్డించడం మొదలుపెట్టింది. రాసేటప్పుడు మోచెయ్యి బల్లకు గట్టిగా ఆనించి, ఊపిరి బిగపట్టి, మాట మాటకీ ఆగుతూ నెట్టుకొచ్చేవాణ్ణి. చూసేవాళ్ళు అది నా శ్రద్ధ అనుకునేవాళ్ళు. వాళ్ళు అలా అనుకుంటుంటే ఊరుకున్నాను.

బాపట్లలో ఒక ఆసామి ఉన్నాడు. ఆయన పొలాల కాయితాలన్నీ నా చేతివే. వాళ్ళమ్మాయి పెళ్ళి కుదిరి, లగ్నపత్రిక రాయడానికి నన్ను పిలిచాడు. మగపెళ్ళివారిది తెనాలి. వెళ్ళేసరికి హాలు నిండా జనం. ఆసామి అక్కగారు, ఆ ఇంట్లో అందరికంటే పెద్దావిడ, నాకు ఎదురుగా కుర్చీలో కూర్చుంది. నేను జేబులోంచి పెన్ను తీసి, అలవాటు ప్రకారం దూలం కథ చెప్పాను. అందరూ ఆహా అన్నారు. ఎవరి చేతికీ ఇవ్వకుండానే పెన్ను అటూ ఇటూ తిప్పి అందరికీ చూపించాను. ఆ పూట రాసుకోవడానికి బల్ల వేయలేదు. చాప మీద కూర్చుని పీట మీద రాయాల్సి వచ్చింది. మోచెయ్యి ఆనించుకోవడానికి ఆసరా లేదు. పీట మార్చమంటే మార్చేవాళ్ళే. ఎందుకు అని అడుగుతారేమోనని నేను అడగలేదు.

పురోహితుడు చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. సగం దాకా బాగానే నడిచింది. పెళ్ళికూతురి పేరు రాసే చోటికి వచ్చేసరికి నా చెయ్యి ఒక్కసారి ఎగిరింది. పాళీ కాయితాన్ని పొడిచింది, ఆ కుదుపుకు శనగగింజంత ఇంకు బొట్టు సరిగ్గా ఆ పేరు పక్కన పడింది. పడి, నేను చూస్తుండగానే చుట్టూ పాకింది. పురోహితుడు నోరు సగం తెరిచి ఆగిపోయాడు.

"పెన్ను కక్కింది" అన్నాను.

ఆ మాట నేను అనుకునేలోపే నోట్లోంచి వచ్చేసింది. అక్కడితో ఆగినా కొంత నయం. ఆగితే నేను నేనెందుకవుతాను? అందరూ ఇంకా నా చేతి వంకే చూస్తున్నారనిపించి, "చేత్తో చేసిన పెన్నులింతేనండి. కర్రలో పగులుంది, సాయిబుకి చెబితే వినలేదు. ఆయన కళ్ళకి ఆనితే కదా!" అన్నాను. పగులు లేదు. నేనేమీ చెప్పలేదు. ఆయనకు వినాల్సిందేమీ లేదు. కళ్ళ మాట ఎక్కడినుంచి తెచ్చానో ఆ దేవుడికే తెలియాలి. ముందు ఏడు ఆయన శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న సంగతి మనసులో ఎక్కడో ఉండి ఉంటుంది, అవసరానికి పైకొచ్చింది.

మగపెళ్ళివారి తరఫున వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "మన బజారు వెనక పెన్నులు చేసే సాయిబేనా? మా బావమరిదికి ఒకటి చేయిద్దామనుకున్నానండి, చెప్పారు, మంచిదైంది" అన్నాడు. నేను తల ఊపాను. పురోహితుడు తేరుకుని, బొట్టు మీద పసుపు అద్ది, "శుభమే, శుభమే" అన్నాడు. ఆ ఇంకులో పసుపు కలిసి పాచిరంగుకు తిరిగింది. ఎవరో ఇచ్చిన బాల్ పెన్నుతో మిగతాది పూర్తి చేశాను. అక్షరాలు వంకరలు పోయాయి. "బాల్ పెన్నుతో మనకి కుదరదండి" అని దానికీ ఒక సాకు చెప్పాను. ఎప్పటిలాగే తువ్వాలు కప్పారు. బాపట్ల నుంచి రేపల్లె దాకా బస్సులో ఆ తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తలెత్తి కండక్టరు మొహం కూడా చూడలేకపోయాను.

కొన్నాళ్ళకు తెనాలి నుంచి ఫోను వచ్చింది. సాయిబు గొంతు నేను గుర్తుపట్టలేదు, అంత సన్నగా ఉంది.

"రైటరు గారూ, నా పెన్ను లగ్నపత్రిక మీద కక్కిందంట కదండీ. బజార్లో అంటున్నారు. పగులుందని మీరే చూశారంట."

నిజం చెప్పడానికి అది మంచి అదను. అటు మనిషి మొహం కూడా కనబడదు. కానీ ఆ క్షణంలో నాకు కనబడింది వేరు. నా చెయ్యి వణుకుతోందని తెనాలిలో తెలిస్తే బాపట్లలో తెలుస్తుంది, బాపట్లలో తెలిస్తే రేపల్లెలో తెలుస్తుంది. ఇక నాకు కారెవరు పంపుతారు? నా చుట్టూ ఎవరు చేరతారు? "ఏదో కొంచెం... అంత పెద్దదేం కాదు లెండి" అని నసిగాను.

"ఒక్కసారి తీసుకురండి, నేను చూడాలి" అన్నాడు.

వెళ్ళాను. ఆయన నవ్వలేదు, గొప్పలు చెప్పలేదు. పెన్ను విప్పి ముక్కలన్నీ తెల్ల గుడ్డ మీద పేర్చాడు. మూత, గొట్టం, పాళీ, పాళీ కింది నాలుక. గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో పెట్టి చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. నీళ్ళు పోసి, తుడిచి, పొడి గుడ్డ చుట్టి, తడి తగులుతుందేమోనని చెంపకు ఆనించి చూశాడు. మళ్ళీ బిగించి ఇంకు పోసి తను రాశాడు. పెన్ను నిక్షేపంలా రాసింది. అది చూసి సంతోషించాల్సిన మనిషి ఇంకా దిగాలు పడిపోయాడు.

"నాకు రాస్తోంది, మీకు కక్కిందంటే ఎక్కడో సన్నగా, వెంట్రుకంత పగులు ఉండి ఉంటదండి. నాకు కనబడట్లేదు" అని మళ్ళీ విప్పాడు.

లేని పగులు వెతుకుతున్నాడు. అది లేదని ఆ గదిలో తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే. స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని చూస్తూ ఉన్నాను. ఇంతలో తెర పక్కనుంచి వాళ్ళావిడ టీ గ్లాసు చాపింది. అందుకుంటే గ్లాసు ఊగుతుంది, ఇద్దరూ చూస్తారు. "వద్దమ్మా" అన్నాను. ఆవిడ చెయ్యి అలాగే కాసేపు ఉండి వెనక్కి వెళ్ళింది.

సాయిబు భూతద్దం దించాడు. "మా ఇంట్లో టీ కూడా ముట్టనంత కోపం వచ్చిందా అండీ నా మీద?" అన్నాడు.

"ఛ ఛ, కోపం కాదు భాయ్. ఇప్పుడే స్టేషన్లో తాగొచ్చాను" అన్నాను. తాగలేదు. ఆయన నమ్మలేదు కూడా. తలొంచుకుని పాళీ తుడుస్తూ, "ఆపరేషన్ అయ్యాక కళ్ళు కొత్తగా వచ్చాయని అందరికీ చెప్పుకున్నానండి. పైపైన కనబడటం వేరు, పనిలో కనబడటం వేరు కాబోలు. ఇది నాకు ఆనలేదంటే ఇంతకు ముందు ఎన్ని అట్టా వదిలేశానో! శుభకార్యానికి మరక పెట్టాను. మీ చేతిమీదుగా ఒక్క తప్పు పడలేదంటిరి, నా వల్ల పడింది" అన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి నా మీద నాకే అసహ్యంగా ఉంది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పోనీ లెండి భాయ్, వయసు మీద పడితే ఎవరికైనా తప్పదు" అన్నాను. అంటే నేను ఆయన్ని క్షమించానన్నమాట! ఆయన దానికి దండం పెట్టాడు. పెన్ను తన దగ్గరే ఉంచమని, పగులు దొరికాక కొత్త గొట్టం వేసి ఇస్తానని చెప్పాడు. సరేనని బయటపడి, స్టేషను దాకా పరుగులాంటి నడక నడిచాను.

ఎదురుచూసినా ఫోను రాలేదు. నాకూ చేసే మొహం లేదు. చెయ్యి ఇంకా ముదిరింది. లగ్నపత్రికలకు పిలుపులొస్తే పెన్ను రిపేరులో ఉందని తప్పించుకున్నాను. ఆ సాకు కూడా ఆయన నెత్తినే. ఆఖరికి మా ఆవిడ పోరు పడలేక తెనాలిలో నరాల డాక్టరుకు చూపించుకున్నాను. కంగారు పడేదేం లేదు, కొందరికి వయసుతో వస్తుంది, మందు వాడితే కాస్త తగ్గుతుందన్నాడు. బయటికొచ్చి నిలబడితే కాళ్ళు వాటంతట అవే సాయిబు సందులోకి నడిచాయి.

ఆయన లేడు, నమాజుకు వెళ్ళాడు. ముందు గదిలో లేతు మీద దుప్పటి కప్పి ఉంది. వాళ్ళావిడ తెర తీసి నన్ను చూసి, గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆపేశారండి. కళ్ళు పోయాయంటారు. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ పరీక్ష చేసి, బ్రహ్మాండంగా ఉన్నాయి పొమ్మంది. ఆమెకేం తెలుసు అంటారు. పొద్దస్తమానం చేసిన పెన్నులన్నీ ముందేసుకుని పగుళ్ళు వెతుకుతారండి. దొరక్కపోతే ఏడుస్తారు, దొరకలేదు కాబట్టి కళ్ళు పోయినట్టే అంటారు" అంది.

"డాక్టరు మాట నమ్మొచ్చు కదమ్మా" అన్నాను.

"మేమూ అదే అన్నామండి. ఆయనేమో, రైటరు గారు తప్పు మాట రాసే మనిషి కాదు, పగులుందంటే ఉన్నట్టే అంటారు."

నేను ఏదో గొణిగి వచ్చేశాను. ఆయన వచ్చేదాకా కూర్చుంటే చెప్పాల్సి వస్తుంది, అందుకే వచ్చేశాను. రైల్లో కూర్చుని నన్ను నేను నానా తిట్లూ తిట్టుకున్నాను. తిట్టుకోవడం ఎంత సులువో ఆ రోజు తెలిసింది. రేపల్లెలో దిగేసరికి తిట్లు అయిపోయాయి, పని మాత్రం అలాగే ఉంది.

బాపట్ల పెళ్ళికి పిలుపు వచ్చింది. ముందు వాళ్ళకి చెప్పేస్తే సాయిబు మీద పడిన మాట పోతుంది, ఆ తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళడం తేలికవుతుందని లెక్క వేసుకున్నాను. ఇదీ పిరికితనమే లెండి, వెళ్ళాల్సిన ఇంటికి కాకుండా ముందు ఇంకో ఇంటికి వెళ్ళడం. పెళ్ళి అయింది, అక్షింతలు పడ్డాయి. భోజనాలయ్యాక ఆసామీ, ఆయన అక్కగారూ ఒక పక్కగా కూర్చుని తాంబూలాలు ఇస్తున్నారు. వెళ్ళి వాళ్ళ ముందు నిలబడ్డాను.

"ఆ రోజు లగ్నపత్రిక మీద మరక పడింది కదండీ. అది పెన్ను కక్కి పడలేదు. నా చెయ్యి వణికింది. చాన్నాళ్ళుగా వణుకుతోంది. పగులూ లేదు, ఏమీ లేదు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

వాళ్ళు తెల్లబోతారనుకున్నాను. ఆసామి నేల చూపులు చూశాడు. పెద్దావిడ మాత్రం పక్కన పెట్టిన ఆకు తీసి ఈనె గిల్లుతూ, "తెలుసులే నాయనా. ఎదురుగా కూర్చున్నదాన్ని, నాకు కనబడదా? చెయ్యి ఎగరటం అందరమూ చూశాం. పెద్దమనిషివి, చిన్నబుచ్చుకుంటావని పెన్నంటే పెన్నే అనుకున్నాం. ఆ తెనాలి వాళ్ళు కూడా దారిలో అదే అనుకున్నారంట. దాందేముంది, పెన్నుకేం పోయింది, ప్రాణమా మానమా?" అంది.

హాలంతా చూసింది. ఎవరికీ తెలియకూడదని నేను దాచింది అందరికీ తెలుసు. నా పరువు కాపాడటానికి అంతమందీ కలిసి నోరు మూసుకున్నారు, నలుగురిలో మాత్రం నేను చెప్పిన మాటే చెప్పారు. ఆ గదిలో లేనివాడు ఒక్కడే, దాన్ని నిజమని నమ్మాడు. తాంబూలం కవరు చేతిలో పెడుతూ ఆసామి, "ఇప్పుడా సంగతులెందుకండీ, ఐస్‌క్రీం తిన్నారా?" అన్నాడు.

స్టేషనుకు వెళ్ళి తెనాలి వైపు వెళ్ళే మొదటి బండెక్కాను. పట్టుపంచె, నుదుట బొట్టు, చేతిలో తాంబూలం కవరు, అలాగే ఆ సందులోకి వెళ్ళాను. సాయిబు ముందు గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పెన్నులు పరిచి ఉన్నాయి. సగానికి తగ్గిపోయాడు మనిషి. లేవబోతుంటే వద్దన్నాను.

"నా పెన్ను ఏది భాయ్?"

"అది ఇవ్వకూడదండి. ఇంకా దొరకలేదు" అన్నాడు.

ఆ వరసలోంచి నేనే తీసుకున్నాను. బల్ల మీది ఇంకు సీసా తెరిచి, ఫిల్లరుతో పోశాను. పోయడంలోనే సగం ఇంకు నా పట్టుపంచె మీద పడింది. ఒక కాయితం లాక్కుని, ఆయన ఎదురుగా, మోచెయ్యి దేనికీ ఆనించకుండా రాయడం మొదలుపెట్టాను. ఆయన కళ్ళు చిట్లించి పాళీ మొదట్లో చూస్తున్నాడు, ఇంకు ఎక్కడ కారుతుందోనని.

"పెన్ను కాదు భాయ్, నా చెయ్యి చూడండి" అన్నాను.

చూశాడు. నా వేళ్ళు, మణికట్టు, ఆ ఊపు. అక్షరాలు కోడి కెలికినట్టు పడుతున్నాయి. చెయ్యి ఎగిరి, ఇంకు బొట్టు కాయితం మీద చిమ్మింది, సరిగ్గా ఆ రోజులాగే. ఇక ఆపకుండా అంతా చెప్పేశాను. పగులు లేదని, ఎప్పుడూ లేదని, అది నేను పుట్టించిందని. టీ ఎందుకు వద్దన్నానో చెప్పాను. బాపట్లలో అందరూ చూశారని కూడా చెప్పాను. "తిట్టండి భాయ్, కొట్టినా పడతాను" అని నిలబడ్డాను.

ఆయన కాయితం అందుకున్నాడు. తర్వాత పెన్ను అందుకుని, గుమ్మంలోకి నడిచి, ఎండకు పెట్టి మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. ఉన్నట్టుండి ఇంట్లోకి తిరిగి, ఉర్దూలో గట్టిగా కేకేశాడు. నాకొచ్చిన ఉర్దూ అంతంత మాత్రమే అయినా ఆ మాట అర్థమైంది. నా కళ్ళు బాగానే ఉన్నాయి, నా కళ్ళు బాగానే ఉన్నాయి అంటున్నాడు. వాళ్ళావిడ తెర తోసుకుని వచ్చింది. ఆయన నవ్వుతున్నాడు, కళ్ళ నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి. నా రెండు చేతులూ పట్టుకుని, "లేదు కాబట్టే కనబడలేదు! విన్నావా, పగులే లేదంట! లేదు కాబట్టే నాకు కనబడలేదు!" అని, నాకూ ఆవిడకూ కలిపి తెలుగులో చెప్పాడు. వణుకుతున్న నా చేతుల్ని వదలకుండా ఊపాడు.

ఆ సంతోషంలో ఆయనకు నన్ను ఒక్క మాట అనాలని తోచలేదు. ఆవిడకు తోచింది. ఇంకు మరకల కాయితం చూసి, నా వంక చూసి, నోరు తెరిచింది. ఆయన అన్నాళ్ళ తర్వాత నవ్వుతున్నాడని ఊరుకుంది.